అడవికి అద్దె ఎవరికి?

ఎల్‌ఎఫ్‌సీ బ్లాకు ముగియబోతోందంటే చాలు, మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళ మా ఆఫీసులో ఊళ్ల పేర్లు మొదలవుతాయి. ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న పేరు కెన్యా. ఎల్‌ఎఫ్‌సీ మీద విదేశాలకు దారి మూసుకుపోయి చాలా ఏళ్లయింది కాబట్టి అది సొంత డబ్బుతో చేయాల్సిన యాత్ర. అయినా మోజు తగ్గలేదు. సింహాలు, లక్షలాది వైల్డ్‌బీస్టు మందలు, ఎర్ర దుప్పటి కప్పుకుని నిలువునా ఎగిరే మాసాయి యువకులు అందరికీ వీడియోల్లో పరిచయమే. నేను కెన్యా వెళ్లలేదు. నల్లమల రెండుసార్లు వెళ్లాను. ఈ రెండు అడవుల గురించి చదువుతూ పోతే, మన వృత్తిలో ఉన్నవాళ్లకు సహజంగా తట్టే ప్రశ్న ఒకటుంది. సఫారీ టికెట్టు డబ్బు చివరికి ఎవరి ఖాతాలో జమవుతుంది?

ముందు మాసాయి మారా సంగతి. అభయారణ్యం విస్తీర్ణం సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. దాన్ని నరోక్ కౌంటీ ప్రభుత్వం చూసుకుంటుంది. 2024 నుంచి విదేశీ పర్యాటకుడు రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా అయితే 200 డాలర్లు కట్టాలి. ఈ సొమ్ము వెళ్లేది కౌంటీకి. అసలు విశేషం అభయారణ్యం గీతకు బయట ఉంది. అక్కడి నేల మాసాయిలది. 1968లో వచ్చిన చట్టంతో ఆ నేల ‘గ్రూప్ రాంచ్’ల పేరిట ఉమ్మడి ఆస్తిగా నమోదైంది. తర్వాత ముక్కలుగా పంచుకోవడంతో కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. ఆ పట్టాదారులు తమ ముక్కల్ని మళ్లీ ఒకటిగా కలిపి, కంచెలు వేయకుండా, పర్యాటక సంస్థలకు ఏళ్ల తరబడి లీజుకిచ్చారు. వీటినే కన్జర్వెన్సీలు అంటున్నారు. మారా నార్త్, నబోయిషో వంటివి 2009, 2010 ప్రాంతంలో మొదలయ్యాయి.

లీజు సొమ్ము భూమి విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. ఆ నెల ఎందరు పర్యాటకులు వచ్చారన్న దానితో సంబంధం లేదు. నెలనెలా బ్యాంకు ఖాతాకో, ఎం-పెసా ఫోను ఖాతాకో వస్తుంది. ఎం-పెసా 2007లోనే మొదలైంది, మన యూపీఐ కంటే తొమ్మిదేళ్లు ముందు. బ్రాంచి దగ్గర లేని పశువుల కాపరికి అది ఎంత అక్కరకొచ్చిందో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. నెలనెలా తెలిసి వచ్చే రాబడి అంటే, మన భాషలో చెప్పాలంటే, అప్పు ఇవ్వదగ్గ రాబడి.

అంతా బాగుందని కాదు. పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేరిట ఉన్నాయి కాబట్టి అద్దె కూడా వాళ్లకే. పట్టా లేని కుటుంబానికి ఏమీ రాదు. పశువుల్ని మేపుకునే చోట్లు తగ్గాయి. 2020లో కరోనాతో విమానాలు ఆగిపోయినప్పుడు కొన్నిచోట్ల లీజు సొమ్ము తగ్గించారు. సరిహద్దు దాటి టాంజానియాలోకి వెళ్తే కథ ఇంకా చేదుగా ఉంటుంది. సెరెంగెటి జాతీయ పార్కు కోసం 1959లో మాసాయిల్ని ఖాళీ చేయించి గొరొంగొరోకు పంపారు. ఇప్పుడు గొరొంగొరో నుంచి కూడా వెళ్లమంటున్నారు. అదే జాతి, అదే గడ్డిభూమి. తేడా ఒక్కటే, పట్టా.

ఈ మాట నాకు ఢిల్లీలో నేనుండే కటవారియా సరాయ్‌లో ఇంకా బాగా అర్థమైంది. ఒకప్పుడు ఇది వ్యవసాయం చేసుకునే ఊరు. చుట్టుపక్కల పొలాలు సంస్థలకూ కాలనీలకూ పోయాయి. ఒకవైపు ఐఐటీ, ఇంకోవైపు కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియా, వెనక సంజయ్ వన్. కానీ లాల్ డోరా లోపలి ఇళ్ల స్థలాలు ఊరివాళ్లకే మిగిలాయి. వాటి మీద అంతస్తు మీద అంతస్తు వేసి గేట్, ఐఈఎస్ కోచింగులకు వచ్చే పిల్లలకు గదులు అద్దెకిస్తున్నారు. ఆ పిల్లల్లో మన తెలుగువాళ్లకు కొదవలేదు, సాయంత్రం ఏ సందులో నడిచినా ఒక ‘రేయ్’ వినపడుతుంది. పొలం పోయినా ఊరు నిలబడిందంటే ఆ అద్దె వల్లే.

ఇక నల్లమల. శ్రీశైలం-నాగార్జునసాగర్ అడవిని 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. పులి కంటే ముందు నుంచీ అక్కడ ఉన్నవాళ్లమని చెంచులు చెప్పుకుంటారు. శ్రీశైలం స్వామి వాళ్లకు చెంచు మల్లయ్య. చెంచులక్ష్మిని పెళ్లాడిన అహోబిలం నరసింహస్వామి ఇంటి అల్లుడు. సంక్రాంతి వేళ పారువేటకు ఆయన అల్లుడి హోదాలోనే చెంచు ఊళ్లకు బయల్దేరతాడు. దేవుడితో ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నవాళ్ల చేతిలో అడవికి సంబంధించిన కాగితం మాత్రం దాదాపు లేదు.

ఫరహాబాద్ వైపు సఫారీలో మాతో వచ్చిన గైడు చెంచు కుర్రాడు. మాకు ఎండిన ఆకులు తప్ప ఏమీ కనపడని చోట అతను ఎలుగుబంటి పుట్ట తవ్విన గుర్తులు చూపించాడు. తేనె తీసేటప్పుడు తెట్టె మొత్తం కోయరట, ఈగలకు కొంత వదిలేస్తారట. నా ఉద్యోగం ఏమిటో తెలిశాక నవ్వి, “మావోళ్లకు మిషన్ మీద వేలు పడదు సార్” అన్నాడు. చెట్లెక్కి, జిగురు తీసి, గడ్డలు తవ్విన వేళ్ల మీద రేఖలు ఎక్కడుంటాయి? ఖాతా ఉంది, డబ్బు పడింది, చేతికి మాత్రం రాదు. జన్‌ధన్ ఖాతాల సంఖ్య చూసి తృప్తి పడే మనం ఆలోచించాల్సిన సంగతి ఇది. పెంటల్లో సిగ్నల్ లేనప్పుడు ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా దారి చూపదు.

డబ్బు దారి విషయానికొస్తే, పులుల కేంద్రాల్లో సందర్శకుల రుసుము టైగర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌కు చేరుతుంది. 2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు వచ్చిన ఏర్పాటు అది. చెంచులకు అందేది వాచర్‌గా, గైడ్‌గా, బైర్లూటి, పచ్చెర్ల లాంటి క్యాంపుల్లో పనివాళ్లుగా దొరికే కూలి. అది చిన్న విషయమని నేను అనను. అడవి తెలిసినవాడికి అడవిలోనే పని దొరకడం మంచిదే. కానీ కూలి వేరు, అద్దె వేరు. కూలి ఇచ్చేవాడి ఇష్టం, అద్దె హక్కు. పని ఆపేస్తే కూలి ఆగుతుంది, ముసలితనంలో అసలే రాదు.

హక్కు ఇచ్చే చట్టం మనకూ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చెంచుల వంటి ఆదిమ తెగలకు ఒక్కో ఇంటికి పట్టాతో పాటు, తాము తిరిగే అడవి మొత్తం మీద ఆవాస హక్కు కూడా ఇవ్వవచ్చంటుంది. ఇంకోవైపు, పులుల ప్రధాన ఆవాసం నుంచి స్వచ్ఛందంగా బయటికి వచ్చే కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలకు పెంచారు. ఈ సొమ్మును బ్యాంకరు కళ్లతో చూడండి. ఏడాదికి ఏడు శాతం వడ్డీ అనుకుంటే నెలకు 8,750 రూపాయలు. అసలు కదపకుండా, ఐదుగురున్న ఇంట్లో, అడవి ఊరికే ఇచ్చే గడ్డలూ తేనే కట్టెలూ ఇప్పపువ్వూ అన్నీ కొనుక్కుంటూ బతకాలి. అసలు కదిలిందా, రెండు పెళ్లిళ్లకూ ఒక మోటారు సైకిలుకూ అయిపోతుంది. వెళ్లాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయమే. ఆ నిర్ణయం తీసుకునే రోజు ఈ లెక్క కాగితం మీద వేసి, వాళ్ల మాటల్లో చెప్పేవాడు పక్కన ఉండాలి. ఆ పని మన ఆర్థిక అక్షరాస్యత శిబిరాల్లో ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

వెళ్లదలచిన మిత్రులకు రెండు మాటలు. జూలై నుంచి సెప్టెంబరు చివరిదాకా సఫారీ మూసి ఉంటుంది. నల్లమల ఆకురాల్చే అడవి, మారాలాగా మైదానం కాదు. పులి కనపడుతుందని పిల్లలకు మాటివ్వకండి. పెంటకు వెళ్తే ఇంట్లోవాళ్లను అడగకుండా ఫోను ఎత్తకండి. తేనె కొనాలనుకుంటే జీసీసీ దుకాణంలో కొనండి, లేదా తీసినవాళ్ల దగ్గరే బేరం ఆడకుండా కొనండి. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, అక్కడ క్యూఆర్ కోడ్ పని చేయదు.