సైనిక జీవనంపై డాక్యుమెంటరీలు - గ్రంథాలయాల పాత్ర

సైన్యంలో చేరగోరే గ్రామీణ యువతకు సైనికుని దైనందిన జీవనంపై ముందస్తు అవగాహన అవసరం. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం క్రింద నియామకం నాలుగేళ్లకే పరిమితం. అనంతరం రెగ్యులర్ సర్వీసులోకి తీసుకునేది 25 శాతం వరకు మాత్రమే. శిక్షణ, సరిహద్దు విధులు, కుటుంబానికి దూరంగా గడపవలసిన కాలం వంటి అంశాలను డాక్యుమెంటరీ చిత్రాలు కళ్లకు కడతాయి.

2016 అక్టోబరులో జనగామ జిల్లాలో ఏర్పడిన చిల్పూర్ వంటి మండలాల్లో ఇటువంటి ప్రదర్శనలకు పౌర గ్రంథాలయం అనువైన వేదిక కాగలదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు ఈ సంస్థలకు ప్రధాన ఆధారం.

బహిరంగ ప్రదర్శనకు 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం క్రింద ధ్రువీకరణ పత్రంతో పాటు హక్కుదారు అనుమతి కూడా ఉండాలి. గృహ వినియోగానికి కొన్న డి.వి.డి. ఇందుకు చాలదు. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ 2022లో ఎన్.ఎఫ్.డి.సి.లో విలీనమైనందున, ఆ సంస్థ చిత్రాల కోసం ఎన్.ఎఫ్.డి.సి.ని సంప్రదించవలసి ఉంటుంది.

హిందీ, ఆంగ్ల చిత్రాలు ప్రదర్శించినపుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా మాజీ సైనికులను ఆహ్వానించి తెలుగులో వివరింపజేస్తే యువతకు మరింత ప్రయోజనం చేకూరుతుంది.