ఎజ్డీ వుంది, కిక్ పళ్లే లేవు!

వడమాలపేట: తిరుపతి-పుత్తూరు రోడ్డున ఎజ్డీ నడిపిన రైతు, కిక్ జారుతోందని ఆ బండిని పాత ఇనుముకు వేయనక్కరలేదు. 1996లో మైసూరు ఐడియల్ జావా కర్మాగారం మూతపడ్డాక కంపెనీ ముక్కలు కరవయ్యాయి. ఈ బండిలో కిక్‌కూ గేరుకూ ఒకటే రాడ్డు. లోపల విసనకర్ర ఆకారంలో వుండే కిక్ గేరు పళ్లు అరిగితే బండిని తోసి స్టార్టు చేయాల్సిందే.

ఆ ముక్కను లేతు మీద తిప్పి, మిల్లింగు యంత్రంపై పళ్లు కోయించుకోవచ్చు. కష్టమంతా పదును పట్టించడంలోనే. మెత్తనైతే త్వరగా అరుగుతుంది. మరీ గట్టిదైతే పన్ను విరిగి గేరుబాక్సులో పడుతుంది, అప్పుడు ఖర్చు రెండింతలు! పైపొరకే పదును పట్టాలి. అరిగిన ముక్కను పారేయరాదు, పళ్ల లెక్క దాంట్లోనే వుంది. 2022లో మళ్లీ వచ్చిన ఎజ్డీ ముక్కలు పనికిరావు. దానికి కిక్కే లేదు, మీట నొక్కడమే.