గాలిలో నిలబడ్డ గచ్చు

ఎల్‌బీనగర్ దాటి విజయవాడ హైవే మీద హయత్‌నగర్ వైపు వెళ్తుంటే రెండు పక్కలా కాలనీలు ఎత్తులెక్కుతూ పల్లాల్లోకి దిగుతూ సాగుతాయి. గ్రానైట్ గుట్టల మధ్య పరుచుకున్న నేల ఇది. కొన్ని ప్లాట్లలో గేటు దగ్గర రోడ్డు మట్టం, వెనక ప్రహరీ దగ్గరికి వెళ్లేసరికి నిలువెత్తు పల్లం. అలాంటి చోట ఇల్లు కట్టుకున్నవాళ్లు ఆ పల్లాన్ని ఊరికే వదలరు. హాలు మట్టానికే స్లాబును వెనక్కి పొడిగించి, చుట్టూ పిట్టగోడ కట్టి సిటౌట్ చేసుకుంటారు. ముందు కుర్చీలు చేరతాయి. తర్వాత పూలకుండీలు, బట్టల తీగ, వాషింగ్ మెషీన్.

పాతికేళ్లు తిరిగేసరికి స్లాబు అడుగున పెచ్చులూడి కడ్డీలు కనిపిస్తాయి. ఒక మేస్త్రీ ప్లాస్టరింగ్ చేస్తే చాలంటాడు. ఇంకొకరు చివర పిల్లర్ నిలబెడదామంటారు. మరొకరు మొత్తం కొట్టేసి కొత్తది పోద్దామంటారు. ముగ్గురిలో ఎవరి మాట వినాలో తేలాలంటే, ఆ స్లాబు ఇన్నాళ్లూ ఏ బలంతో నిలబడిందో ముందు తెలియాలి.

రాతి తిన్నె, సిమెంటు స్లాబు

హయత్‌నగర్‌కు పేరిచ్చిన హయత్ బక్షీ బేగం 17వ శతాబ్దపు కుతుబ్‌షాహీ రాణి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. ఆమె పేరున్న మసీదు అక్కడ ఎత్తైన తిన్నె మీద నేటికీ నిలిచి ఉంది. ఆ తిన్నెలో ప్రతి రాయీ కింది రాయి మీద కూర్చుంది. బరువు నిటారుగా నేలలోకి దిగిపోతుంది. రాయికి ఒత్తిడిని ఓర్చుకోవడం బాగా తెలుసు.

మన సిటౌట్ సంగతి వేరు. దాని ఒక అంచు ఇంటిని పట్టుకుని ఉంటుంది, మిగతా మూడు అంచుల కిందా ఏమీ ఉండదు. ఇంజినీర్లు దీన్ని కాంటిలివర్ అంటారు. నీళ్ల బకెట్ పట్టుకుని చేయి చాచి నిలబడితే నొప్పి పుట్టేది బకెట్ ఉన్న వేళ్ల దగ్గర కాదు, భుజం దగ్గర. స్లాబుకూ అంతే: బరువు ఎక్కడున్నా శ్రమంతా ఇంటి గోడను కలిసే మొదట్లోనే. అక్కడ స్లాబు పైభాగం సాగుతుంది, అడుగుభాగం నలుగుతుంది. కాంక్రీటు నలుగుడుకు గట్టిదే గానీ సాగదీతకు పనికిరాదు. ఒత్తిడిని ఎంత తట్టుకుంటుందో సాగదీతను అందులో పదో వంతు మాత్రమే తట్టుకుంటుంది. ఆ లోటు పూడ్చేది ఉక్కు కడ్డీ. కాబట్టి ఇంట్లోని గది స్లాబుకు నడిమి భాగంలో ప్రధాన కడ్డీలు అడుగున ఉంటే, కాంటిలివర్‌కు అవి పైన ఉండాలి.

అడుగున పెచ్చులూడినప్పుడు చూడాల్సింది ఇక్కడే. బయటపడ్డవి సన్నటి అడ్డ కడ్డీలైతే కొంత ఊరట. గోడలోంచి బయటికి వచ్చే లావు కడ్డీలు అడుగునే ఉండి పైన ఏమీ లేకపోతే, ఆ స్లాబును మొదటి రోజే తలకిందులుగా కట్టారని అర్థం. దానికి ప్లాస్టరింగ్ మందు కాదు.

పిట్టగోడ బరువెంత?

చిన్న లెక్క వేద్దాం. గోడ నుంచి 1.2 మీటర్లు బయటికి వచ్చిన, 125 మిల్లీమీటర్ల మందం గల స్లాబులో మీటరు వెడల్పు పట్టీ తీసుకుందాం. స్లాబు సొంత బరువు చదరపు మీటరుకు 310 కిలోలు, టైల్స్, వాటి కింది మసాలా ఒక 100. మనుషులు, సామాన్ల కింద ఇళ్ల బాల్కనీలకు భారత ప్రమాణం ఐఎస్ 875 చెప్పేది దాదాపు 300. అదే ప్రమాణం గదులకు 200 చాలంటుంది. పండక్కో పెళ్లికో జనం ఒక్కచోట గుమిగూడేది బాల్కనీలోనే గదా! మొత్తం కలిపితే ఆ పట్టీ మీద 850 కిలోలు. చివరన మీటరు ఎత్తున సగం ఇటుక మందం పిట్టగోడ, రెండు వైపులా పూతతో 270 కిలోలు.

మొత్తం బరువులో పిట్టగోడ వాటా పావు వంతు. స్లాబును వంచడంలో మాత్రం దాని వాటా దాదాపు 40 శాతం. కారణం దూరం. స్లాబు మీది బరువంతా సగటున 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క, పిట్టగోడ మాత్రం 120 సెంటీమీటర్ల దూరంలో. ఇటుక గోడ తీసేసి ఉక్కు రెయిలింగ్ పెడితే మొదట్లో పడే శ్రమ మూడో వంతు తగ్గిపోతుంది. అలాగే సిటౌట్‌ను ఇంకొంచెం పెంచుదామనే మాట వచ్చినప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: పొడవు ఒకటిన్నర రెట్లయితే స్లాబు బరువు వంచే బలం రెండుంపావు రెట్లవుతుంది. కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 456 కూడా ఈ తేడాను గుర్తించింది. రెండు వైపులా ఆనిన స్లాబుకు పొడవులో ఇరవయ్యో వంతు మందం మొదటి అంచనా అయితే, కాంటిలివర్‌కు ఏడో వంతు కావాలంటుంది.

కాలి కింద దిగిపోయే బలం

డ్రాయింగులో కడ్డీ పైనే ఉంటుంది. స్లాబు పోసే రోజు జరిగేది వేరు. తట్టలు మోసేవాళ్లు, వైబ్రేటర్ పట్టుకున్నవాళ్లు ఆ కడ్డీల జాలీ మీదే అటూ ఇటూ నడుస్తారు. పది మిల్లీమీటర్ల కడ్డీ మనిషి బరువుకు వంగిపోతుంది. పై అంచుకు 25 మిల్లీమీటర్ల దిగువన ఉండాల్సినది ఇంకో 40 మిల్లీమీటర్లు కిందికి జారిందనుకోండి, ఉక్కు పనిచేసే లోతు 100 నుంచి 60కి పడిపోతుంది. స్లాబు బలం కూడా ఇంచుమించు అదే పాళ్లలో, అంటే 40 శాతం తగ్గుతుంది. కాంక్రీటు ఆరాక చూస్తే మంచి స్లాబుకూ దీనికీ తేడా కంటికి ఆనదు. దీనికి విరుగుడు చవకే. పై జాలీని ఎత్తి నిలబెట్టే కుర్చీ కడ్డీలు దగ్గర దగ్గరగా కట్టాలి, నడవడానికి విడిగా చెక్క పలకలు వేయాలి.

తుప్పు లెక్క

మంచి కాంక్రీటులో ఉక్కు తుప్పు పట్టదు. సిమెంటు గడ్డకట్టేటప్పుడు పుట్టే సున్నం వల్ల కాంక్రీటు లోపల క్షారగుణం బాగా ఎక్కువ, పీహెచ్ 12 నుంచి 13 దాకా ఉంటుంది. ఆ క్షారంలో కడ్డీ మీద కంటికి కనిపించని పొర ఒకటి ఏర్పడి కాపలా కాస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటు రంధ్రాల్లోకి మెల్లగా చొరబడి ఆ సున్నాన్ని సుద్దగా మారుస్తుంది. పీహెచ్ 9 కిందికి జారుతుంది. ఆ మార్పు కడ్డీ దాకా చేరిన నాడు కాపలా పోతుంది. పైన తడి, గాలి రెండూ తగిలితే తుప్పు మొదలవుతుంది. తుప్పుకు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు కావాలి. చోటు లేక అది కాంక్రీటును లోపలి నుంచి పగలదన్నుతుంది. పెచ్చులూడటమంటే అదే.

ఈ మార్పు లోతు కాలంతో సమానంగా పెరగదు, కాలం వర్గమూలంతో పెరుగుతుంది. కడ్డీ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉన్న చోట కడ్డీని చేరడానికి 40 ఏళ్లు పట్టేదనుకుంటే, 10 మిల్లీమీటర్లే ఉన్న చోట పదేళ్లు చాలు. కవర్ సగమైతే ఆయుష్షు పావే! రూపాయల్లో దొరికే కవర్ బ్లాకులను మానేసి కంకర రాళ్లు దూర్చడం ఎంత ఖరీదైన పొదుపో ఈ లెక్క చెబుతుంది.

పాత స్లాబులో ఇది ఎంత లోతుకు వెళ్లిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఉలితో చిన్న ముక్క ఎగరగొట్టి, దుమ్ము ఊది, పచ్చి గాటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. ఇంటర్ ల్యాబ్‌లో టైట్రేషన్‌కు వాడిందే. క్షారం మిగిలిన లోపలి భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది, చచ్చిపోయిన పై పొర రంగు లేకుండా ఉండిపోతుంది. రెండింటి మధ్య గీత కడ్డీకి ఇవతలే ఉంటే మరమ్మతు గురించి ఆలోచించవచ్చు. కడ్డీని దాటి లోపలికి పోయి ఉంటే, పైన ఎంత పూత పూసినా లోపల తుప్పు పని తుప్పుది.

కాంటిలివర్‌కు మరో బలహీనత ఉంది. దాని పగులు పైన, గోడ మొదట్లో, గోడకు సమాంతరంగా వస్తుంది. అక్కడ టైల్ ఉంటుంది కాబట్టి కనపడదు. ప్రధాన కడ్డీలు ఉండేదీ అక్కడే, సిటౌట్ కడిగిన నీళ్లు, కుండీల నీళ్లు, మెషీన్ నీళ్లు దిగేదీ అక్కడే.

కింద నేల ఏమంటోంది

పల్లంలో సిటౌట్‌కు కాళ్లు దించినా, మట్టి నింపి గోడ కట్టినా, వ్యవహారం నేలతోనే. హయత్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా వారి పరిశోధన క్షేత్రం ఉంది. అక్కడ పరిశోధనలు జరిగేది ఈ ప్రాంతపు ఎర్ర నేలల మీదే. నీటిని పెద్దగా పట్టి ఉంచని, గట్టి వానకు పైమట్టి కొట్టుకుపోయే నేలలివి. వాటి కింద మొరం, ఇంకా కింద గ్రానైట్. ఈ గ్రానైట్ ఒక్కసారిగా మొత్తం శిథిలం కాదు. బీటల వెంట నీరు దిగి అంచులు మొరంగా మారుతుంటే, నడుమ గుండ్రటి బండలు మిగిలిపోతాయి. పునాది గుంటలో గునపం ఖంగుమనగానే "రాయి తగిలింది" అని ఆపేస్తారు. అది నిజమైన పడకరాయి కావచ్చు, మొరంలో విడిగా కూర్చున్న గుండు కావచ్చు. ఒక పిల్లర్ అసలు రాతి మీద, పక్కది పోసిన మట్టి మీద నిలబడితే ఒకటి కుంగుతుంది, ఒకటి కుంగదు, మధ్యలో బీము విరుగుతుంది. ఎంత లోతైనా సరే, ఫుటింగ్ పోసిన మట్టిని దాటి పాత నేలలోకి దిగాలి.

మట్టి నింపి పక్కన గోడ కట్టే పద్ధతిలో అసలు శత్రువు నీరు. మూడు మీటర్ల గోడను పొడి మొరం మీటరు నిడివికి సుమారు రెండున్నర, మూడు టన్నుల బలంతో నెడుతుంది. గోడ వెనక నీరు పైదాకా నిలిస్తే అది దాదాపు ఆరు టన్నులకు చేరుతుంది. 2020 అక్టోబరు 13న హయత్‌నగర్ ప్రాంతంలో ఒక్క రోజులో దాదాపు 30 సెంటీమీటర్ల వాన పడింది. ఆ రాత్రే పాతబస్తీ వైపు బండ్లగూడలో ఇళ్ల మీద గోడ కూలి పసిబిడ్డతో సహా పలువురు చనిపోయారు. 2024 మే 7న భారీ వానకు బాచుపల్లిలో రిటైనింగ్ వాల్ కూలి కూలీ కుటుంబాలకు చెందిన ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గోడ వెనక అడుగు మందాన కంకర పొర, గోడలో వరసగా నీరు బయటికి పోయే పైపు ముక్కలు, అర అడుగు చొప్పున మట్టి పోసి తడిపి దిమ్మిస కొట్టడం: ఇవి కాగితం మీద చిన్న పనులు, గోడకు ప్రాణాలు.

అక్కడి డెక్కులు చెప్పేది

అమెరికాలో పిల్లల ఇంటికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు కర్ర డెక్కులు పరిచయమే. వాటిలో సిమెంటు ఉండదు, తుప్పు బదులు కుళ్లు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ విరిగి ఆరుగురు విద్యార్థులు చనిపోయారు. నీరు దిగి దూలాలు లోపల్లోపల కుళ్లిపోయాయి, పైకి బాల్కనీ బాగానే కనిపించింది. ఆ తర్వాత ఆ రాష్ట్రం అపార్ట్‌మెంట్ల బాల్కనీలను ఆరేళ్లకోసారి తనిఖీ చేయించాలని 2018లో చట్టం తెచ్చింది.

పేరున్న ఆర్కిటెక్టులకూ ఈ చిక్కు తప్పలేదు. పెన్సిల్వేనియాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1930లలో కొండవాలున సెలయేటి మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంటికి కాంక్రీటు టెర్రస్‌లు వాగు మీదికి చాచి ఉంటాయి. కట్టేటప్పుడు రైట్ అనుకున్నదానికి రెట్టింపు ఉక్కు వేశారు. అయినా సెంట్రింగ్ ఊడదీసిన రోజే అంచు నాలుగు సెంటీమీటర్లకు పైగా దిగింది. 1990ల నాటికి అది దాదాపు 18 సెంటీమీటర్లయింది. 1997లో కింద ఉక్కు ఆధారాలు నిలబెట్టి, 2002లో బీముల పక్కన ఉక్కు తీగల మోకులు బిగించి లాగి దాన్ని నిలిపారు.

తిరిగి కట్టేటప్పుడు

మొదటి పని కొట్టడం కాదు, ఆనించడం. జాకీలు నేల మీద పలకలేసి వరసలుగా నిలబెట్టాలి. అవి స్లాబును తాకాలి గానీ పైకి ఎత్తకూడదు. చివరన బలంగా ఎత్తితే వంపు తిరగబడుతుంది. అప్పుడు సాగేది అడుగుభాగం, అక్కడ ప్రధాన కడ్డీలుండవు. కాంటిలివర్ చివర తర్వాతెప్పుడో పిల్లర్ నిలబెట్టడంలో ప్రమాదం ఇదే. అది బలం పెంచినట్టు కనిపించి, స్లాబు పనిచేసే తీరునే మార్చేస్తుంది. జాకీలు ఆనించిన తర్వాత పిట్టగోడ, టైల్స్ దించి బరువు తగ్గించాకే స్లాబును చివరి నుంచి గోడ వైపుగా కొట్టుకుంటూ రావాలి.

కొత్త కాంటిలివర్ కడ్డీలు ఇంట్లోకి కనీసం బయట ఉన్నంత పొడవు, వీలైతే ఒకటిన్నర రెట్లు వెళ్లాలి. పాత ఇంట్లో గది స్లాబును కదపకుండా అది కుదరదు. గోడలో డ్రిల్ వేసి రసాయనంతో అతికించిన కడ్డీల మీద మొత్తం సిటౌట్‌ను వేలాడదీయడం ఇంజినీర్ లెక్క లేకుండా చేయాల్సిన పని కాదు. అందుకే పల్లమున్న ప్లాటులో చాలాసార్లు మేలైన దారి, సిటౌట్‌ను సొంత పునాదుల మీద సొంత కాళ్లతో నిలబెట్టి, ఇంటికీ దానికీ మధ్య సన్నటి సందు వదలడం. ఏది కుంగినా రెండోదాన్ని లాగదు. సందును సాగే సీలెంట్‌తో నింపి పైన రేకు కప్పితే నీరు దిగదు. ఎటుతిరిగీ ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్ డ్రాయింగు, మున్సిపల్ అనుమతి ఉండాలి.

మిగతాదంతా నీటి వ్యవహారమే. గోడ నుంచి బయటికి మీటరుకు సెంటీమీటరుకు తగ్గకుండా వాటం, టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పొర గోడ మీదికి అర అడుగు ఎక్కించడం, అంచు అడుగున నీటి చుక్క వెనక్కి పాకకుండా గాడి. కాంక్రీటులో కలిపే బోరు నీటిని పరీక్ష చేయించాలి. లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే క్లోరైడ్ ఎక్కువుంటే ఐఎస్ 456 ప్రకారం ఆ నీరు ఆర్‌సీసీకి పనికిరాదు. పోశాక కనీసం ఏడు రోజులు, ఫ్లై యాష్ కలిసిన సిమెంటైతే పది రోజులు తడి ఆరనివ్వకూడదు. కాంటిలివర్ ఆధారాలను ఇంజినీర్ చెప్పేదాకా తీయకూడదు. తీసేటప్పుడు చివర నుంచి మొదలుపెట్టి గోడ వైపు రావాలి.

సిటౌట్ కొత్తగా వేయించే ఖర్చు సంగతి మాట్లాడేటప్పుడు టైల్ రంగు, రెయిలింగ్ నగిషీ ముందుకొస్తాయి. అవి నచ్చకపోతే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కడ్డీ ఎత్తు, కవర్ మందం, పునాది లోతు, గోడ వెనక కంకర పొర కాంక్రీటు పడ్డాక మారవు. కాబట్టి టేపు పట్టుకుని కడ్డీ ఎత్తు కొలవడం, ఫోటోలు తీయించుకోవడం స్లాబు పోసే ముందు రోజు పని. లెక్క తప్పితే ఆ రోజైతే బైండింగ్ వైరు విప్పి సరిచేసుకోవచ్చు.