నీళ్ళు పోయే చోట పూలు పూయిద్దాం

తడి నేలలో పూలమొక్కలు అనగానే "మా కడప జిల్లాలో తడి నేల ఎక్కడిదమ్మా!" అని నవ్వుకుంటున్నారా? నేనూ అలాగే అనుకునేదాన్ని. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన కూడా నికరంగా పడని సీమ మనది. కానీ ఒకసారి మీ పెరట్లోకి వెళ్ళి చూడండి. అంట్లు తోమే బండ పక్కన, నీళ్ళ తొట్టి కింద, స్నానాల గది తూము దగ్గర ఎండాకాలంలో కూడా నేల ఆరదు. ఆ కాస్త చోటే మన తడి నేల. అక్కడ బురదా దోమలూ ఉండాలో, పూలు ఉండాలో మన చేతిలోనే ఉంది.

మా పెద్దవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. గండికోటలో చూడండి. చుట్టూ ఎర్రని బండలే. అయినా కోట లోపల రాయలచెరువు నీటితో చెట్లు పెంచారు. కొండ కింద పెన్న ఒడ్డున పారేబాగ్ అనే తోట ఉండేది. నీళ్ళు లేవని తోట మానుకోలేదు, నీళ్ళు ఎటు పోతున్నాయో చూసి అక్కడ తోట పెట్టుకున్నారు.

నాకు మాత్రం ఈ బుద్ధి ఒక మల్లెచెట్టును పోగొట్టుకున్నాకే వచ్చింది.

2020లో గండికోట జలాశయంలో నీళ్ళు ఎక్కువ నిలిపినప్పుడు కొండాపురం మండలంలో మునిగిన ఊళ్ళలో మాదీ ఒకటి. దాదాపు 27 టీఎంసీలు పట్టే జలాశయం అది. సామాన్లు ట్రాక్టరుకు ఎక్కిస్తుంటే మా అత్తమ్మ బీరువా సంగతి అడగలేదు. "నా మల్లెచెట్టు ఏం చేస్తావు?" అని అడిగింది. తాను కాపురానికి వచ్చిన కొత్తలో నాటుకున్న చెట్టు అది. వేళ్ళతో సహా తవ్వి, గోనెసంచిలో కట్టి తెచ్చాను. నందివర్ధనం, గన్నేరు కొమ్మలు కూడా కోసుకొచ్చాను.

కొత్త ఇంట్లో పెరడంతా నాపరాళ్ళు పరిచి ఉంది. అంట్లు తోమేచోట రెండు రాళ్ళు తీసేసి, నీళ్ళు బాగా అందుతాయని మల్లెను అక్కడే నాటాను. నెల తిరక్కుండా ఆకులు పసుపుపచ్చబడ్డాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకో రెండు చెంబులు పోశాను. వానాకాలం అయ్యేసరికి చెట్టు చచ్చిపోయింది. పీకి చూస్తే వేళ్ళు నల్లగా కుళ్ళిపోయి ఉన్నాయి. అత్తమ్మ ఆ వేళ్ళు చేత్తో నలిపి చూసి, "మల్లెకు దప్పి ఓర్చుకోవడం తెలుసు గానీ తడి ఓర్చుకోవడం తెలీదు మ్మే" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

కాబట్టి ముందు నేలను పరీక్ష చేయండి. జానెడు లోతు గుంత తీసి బిందెడు నీళ్ళు పోయండి. గంటలో ఇంకిపోతే ఏ మొక్కయినా బతుకుతుంది. పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికీ నిలిచి ఉంటే అది అసలైన తడి నేల. మా జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఎక్కువ. ఎండలో పగుళ్ళు తీస్తుంది, తడిస్తే నీటిని వదలదు. అలాంటి చోట ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, మొక్క మొదలు జానెడు ఎత్తులో ఉండేలా మట్టి గట్టు కట్టి నాటాలి.

ఇక తడికి తట్టుకునే మన మొక్కలేమిటో చూద్దామా?

నందివర్ధనం: తడికి ఓర్చుకునే మొక్క. వానాకాలంలో పెన్సిలంత లావు కొమ్మ గుచ్చితే చాలు, నాటుకుంటుంది. పూజకు తెల్లపూలు దాదాపు ఏడాది పొడవునా ఉంటాయి. అప్పుడప్పుడు వేలెడంత పచ్చపురుగు పట్టి ఆకులు తింటుంది. మందు కొట్టక్కర్లేదు, చేత్తో ఏరేస్తే సరి.

గన్నేరు: వంకల్లో, ఏటి ఇసుకలో తనంతట తాను పెరిగే మొక్క. వరదకూ ఎండకూ రెంటికీ ఓర్చుకుంటుంది. కానీ ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పసిపిల్లలు, మేకలు తిరిగే చోట వద్దు. కొమ్మలు కోశాక చేతులు కడుక్కోండి.

మొగలి: పెరడు పెద్దదైతేనే పెట్టుకోండి. ఆకులకు ముళ్ళుంటాయి, పొద బాగా విస్తరిస్తుంది. కాలువ గట్టుకు ఇది మేలు. శివపూజకు పనికిరాదంటారు గానీ, బీరువాలో పట్టుచీరల మధ్య ఒక రేకు పెట్టి చూడండి!

కలువ: నీళ్ళ తొట్టి పగిలిపోయిందా? బాగు చేయించి అడుగున జానెడు నల్లరేగడి వేసి, కలువ దుంప నాటి మంచినీళ్ళు నింపండి. రోజుకు 5, 6 గంటలు ఎండ తగలాలి. దోమపిల్లల్ని తినే గప్పీ చేపలు నాలుగు వదలడం మరిచిపోకండి.

తడి పక్కనే గుంటగలగర తనంతట తాను మొలుస్తుంది. చిన్న తెల్లపూలు పూస్తుంది. కలుపని పీకేయకండి, తలనూనె కాచుకోవడానికి పనికొస్తుంది.

నర్సరీవాళ్ళు ఇలాంటి చోటికి మెట్టతామర ఇస్తారు. బాగానే పెరుగుతుంది గానీ, అది అమెరికా ఖండం నుంచి వచ్చింది. మన నేలలో పుట్టిన మొక్కలు ఇన్ని ఉండగా ముందు వాటికి చోటివ్వడం న్యాయం కదా!

కనకాంబరం, డిసెంబరు పూలు కూడా మనవే. వీటికి చెమ్మ కావాలి, నిలువ నీరు పనికిరాదు. తూముకు రెండు మూరల దూరంలో గట్టు మీద నాటండి. మల్లెను ఇంకా దూరంగా, ఎండ బాగా తగిలేచోట పెట్టండి. చలికాలంలో దానికి నీళ్ళు తగ్గించి, జనవరిలో కొమ్మలు కత్తిరిస్తే ఎండలు మొదలయ్యేసరికి మొగ్గ వేస్తుంది.

నీళ్ళ విషయంలోనూ ఒక మాట. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకు అమృతం. సర్ఫు నీళ్ళు, ఫినాయిలు, బ్లీచింగు కలిసిన నీళ్ళు మాత్రం వద్దు. రోజూ పడితే నేల చవుడై గట్టిపడుతుంది. వాటికి వేరుగా మూడడుగుల గుంత తీసి ఇటుకముక్కలు, కంకర, ఇసుక వరుసగా నింపితే అందులోకి ఇంకిపోతాయి. జిడ్డు పేరుకోకుండా పైన ఇసుక అప్పుడప్పుడు మార్చాలి.

మల్లె సంగతి ఏమైందంటారా? పాత ఊళ్ళో మా పక్కింటి వదినకు అత్తమ్మ ఎప్పుడో ఒక అంటు ఇచ్చిందట. ఆమె ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటోంది. విషయం తెలిసి, వాళ్ళ చెట్టు కొమ్మ ఒకటి మట్టిలో వంచి, వేరు పట్టాక కోసి పంపింది. ఈసారి దాన్ని తూముకు దూరంగా, మెరక మీద నాటాను. రెండేళ్ళు ఆగాక పోయిన వేసవిలో గుప్పెడు మొగ్గలు ఇచ్చింది. అత్తమ్మ వాటిని లెక్కపెట్టి మరీ కోసి, మాల కట్టి సగం నా జడలో పెట్టింది.

మీ పెరట్లో మంచి మొక్క ఉంటే ఒక అంటు తీసి పక్కింటికి ఇచ్చి ఉంచండి. మన దగ్గర చచ్చినా వాళ్ళ దగ్గర బతికే ఉంటుంది. ఏమంటారు?