పార్టీ వీడినవారి సాక్ష్యం

ఆకలి చావులను కళ్లారా చూసినవాడు కూడా తన పార్టీని వెంటనే వదలడు. హంగరీలో పుట్టిన రచయిత ఆర్థర్ కోస్లర్ 1931లో జర్మన్ కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1932-33 చలికాలంలో, కరవు రోజుల్లో, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఉన్నాడు. స్టేషన్లలో అడుక్కుంటున్న రైతులను, పొట్టలుబ్బిన పిల్లలను చూశాడు. వాళ్లు సమష్టి సేద్యానికి అడ్డుపడ్డ శత్రువులని చెబితే నమ్మాడు. పార్టీ నుంచి బయటికొచ్చింది మాత్రం 1938లో, మాస్కో విచారణల్లో పాత విప్లవకారులే ద్రోహులుగా బోనెక్కాక. నిజం తెలిసినంత మాత్రాన తీవ్రభావాలు చెదరవు. ప్రతి నిజానికీ ముందే ఒక సంజాయిషీ సిద్ధంగా ఉంటుంది. పశ్చాత్తాపపడ్డవారి రాతల్లో అన్నిటికన్నా విలువైనది ఈ భాగమేనని నా నమ్మకం. ఆ సంజాయిషీ మనసులో ఎలా పనిచేస్తుందో లోపల బతికినవాళ్లే చెప్పగలరు.

పార్టీ వీడినవాళ్లు అవతలి శిబిరానికి అమ్ముడుపోయారనే ఆక్షేపణ ఉంది. కోస్లర్ తదితరుల వ్యాసాలతో 1949లో వచ్చిన 'ది గాడ్ దట్ ఫెయిల్డ్' సంకలనం ప్రచ్ఛన్న యుద్ధంలో ప్రచారానికి అక్కరకొచ్చిన మాట నిజమే. అంతమాత్రాన ఉక్రెయిన్ కరవు అబద్ధం కాలేదు. పైగా అందరూ అమ్ముడుపోలేదు. అదే సంకలనంలో రాసిన మాజీ కమ్యూనిస్టు, అమెరికా నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్‌ను షికాగో మే డే ఊరేగింపులోంచి పాత సహచరులే గెంటేశారు. పార్టీని వదిలాక కూడా ఆయన జాతివివక్షకు వ్యతిరేకంగా రాస్తూనే ఉన్నాడు.