పవర్ లేని కళ్లజోడు.. లుక్ మాత్రం ఫుల్ పవర్!

సైట్ లేకపోయినా కళ్లజోడు పెట్టేవాళ్లు మనలో చాలామందే. స్టైల్ కోసం కొందరు, బ్లూకట్ పేరు చెప్పి కొందరు. కానీ చీర కట్టి, విగ్గు సర్దుకుని, చివర్లో జీరో పవర్ జోడు పెడితేగానీ అలంకారం పూర్తయినట్టు అనిపించని ఒకతను నాకు తెలుసు. నాలాగే సాఫ్ట్‌వేర్. సొంతూరు మార్కాపురం. పేరు మాత్రం అడగొద్దు. అతను క్రాస్‌డ్రెస్సర్. అంటే ఆడవాళ్ల దుస్తులు వేసుకోవడం ఇష్టం. అంతమాత్రాన ట్రాన్స్‌జెండరో, గేనో అయి ఉండాలని లేదు. అన్నింటినీ ఒకే గాటన కట్టేయడం మనకి అలవాటైపోయింది గానీ!

‘కళ్లజోడే ఎందుకు?’ అనడిగా.

‘మగవాడని ముందు పట్టించేవి కనుబొమలే బాస్’ అన్నాడు.

నిజమే. మగవాళ్లకి కనుబొమల దగ్గర ఎముక కాస్త ముందుకొచ్చి ఉంటుంది. పై అంచు మందంగా, కొసలు పైకి లేచిన క్యాట్ ఐ ఫ్రేమ్ పెడితే చూసేవాళ్ల చూపు ఆ గీత వెంటే పోతుంది. ఈ ఫ్రేమ్ పుట్టుకే తమాషా. 1930ల్లో న్యూయార్క్‌లో అల్టీనా షినాసీ అనే డిజైనర్ వెనిస్ హార్లెక్విన్ మాస్కులను చూసి దీన్ని గీశారు. మాస్కు చుట్టం కదా, కప్పిపెట్టే గుణం ఎక్కడికి పోతుంది!

పవర్ లేకపోవడమూ కలిసొచ్చేదే. మైనస్ అద్దాల వెనక కళ్లు చిన్నగా, ప్లస్ అయితే పెద్దగా కనిపిస్తాయి. ప్లెయిన్ అద్దంలో కాటుక, ఐలైనర్ గీసింది గీసినట్టే ఉంటాయి. కాకపోతే యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ ఉండాలి. లేదంటే సెల్ఫీలో కళ్లకి బదులు ట్యూబ్‌లైట్ పడుతుంది. లేడీస్ ఫ్రేములు చాలావరకు మగవాళ్ల కణతల దగ్గర బిగిసిపోతాయి. అందుకే కాడ లోపలివైపు 52-18-140 లాంటి అంకెలు చూసుకోవాలి. అద్దం వెడల్పు, ముక్కు మీద ఎడం, కాడ పొడవు.. అన్నీ మిల్లీమీటర్లలో. నోస్ ప్యాడ్స్ కదిపే వీలుంటే పెట్టుడు కనురెప్పలు అద్దానికి తగలవు.

సినిమా వాళ్లకి ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. ‘టూట్సీ’ (1982)లో డస్టిన్ హాఫ్‌మన్‌కీ, ‘మిసెస్ డౌట్‌ఫైర్’ (1993)లో రాబిన్ విలియమ్స్‌కీ ఆడవేషంలో కళ్లజోడుంది. మన దగ్గర ‘చిత్రం భళారే విచిత్రం’ (1992)లో నరేశ్, ‘మేడమ్’ (1994)లో రాజేంద్రప్రసాద్ ఆడవేషంతో నవ్వించారు. నాకైతే నవ్వించని వేషాలే గొప్పగా అనిపిస్తాయి. సత్యభామగా మెప్పించిన స్థానం నరసింహారావుకి 1956లో, కూచిపూడి సత్యభామ వేదాంతం సత్యనారాయణ శర్మకి 1970లో పద్మశ్రీలు వచ్చాయి. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు మొక్కుకుని చీర కడితే ఎవరూ వింతగా చూడరు. అదే చీర, ఏ మొక్కూ లేకుండా, ఇష్టపడి ఆదివారం మధ్యాహ్నం కట్టుకుంటే?

దుస్తుల ద్వారా జెండర్‌ని చెప్పుకోవడం కూడా భావప్రకటనా స్వేచ్ఛే అని సుప్రీంకోర్టు 2014లోనే నల్సా తీర్పులో చెప్పింది. ఆడవేషంలో వీధిలో కనిపించిన హిజ్రాలను వారెంట్ లేకుండా అరెస్టు చేయనిచ్చే 1919 నాటి నిజాం చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. కోర్టులు సరే. పలకలకి పేరుపడ్డ మా చిన్న ఊళ్లో చెన్నకేశవస్వామి గుడి నుంచి బస్టాండు దాకా నడిస్తే, ‘ఫలానా వాళ్లబ్బాయివి కదూ’ అనేవాళ్లు పదిమంది తగులుతారు. అలాంటిచోట షాపులో నిలబడి లేడీస్ ఫ్రేమ్ అడగడమెలా? అతను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు.

చీర, విగ్గు హైదరాబాద్ రూమ్‌లో సూట్‌కేసులో తాళం వేసి ఉంటాయి. పండక్కి అతనితో పాటు ఇంటికొచ్చేది కళ్లజోడు ఒక్కటే, ల్యాప్‌టాప్ బ్యాగులో. మొన్న సంక్రాంతికి వాళ్లమ్మ చూసేసింది.

‘సైటెప్పుడొచ్చింది నాయనా?’

‘కంప్యూటర్‌కమ్మా.’

ఆవిడ తీసి తనే పెట్టుకుని, గోడమీది క్యాలెండర్ వైపు కాసేపు చూసి, ‘ఇందులో పవరే లేదు కదరా, ఎవరో నిన్ను మోసం చేశారు’ అందట.