ఆ ఒక్క మాటా అనొద్దు!

'బేసిగ్గా' అంటే ఒకరికి చిరాకు. 'అర్థమైందా' అంటే మరొకరికి ఒళ్లుమంట. ఇవి ఏ ఊళ్లోనైనా ఉండేవే. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు వెళ్తే మాత్రం చిర్రెత్తించే మాటల వెనక పెద్ద కథే కనిపిస్తుంది.

ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కితే సుమారు మూడు గంటల ప్రయాణం. కాలక్షేపానికి పుస్తకం అక్కర్లేదు, చెవులుంటే చాలు. ముందు సీట్లో డిగ్రీ కుర్రాడు ఫోన్లో 'లేదు మామా... అది కాదు మామా... నువ్వు విను మామా' అంటుంటాడు. అవతలి మామ ఏం విన్నాడో తెలీదు కానీ బస్సంతా వింటుంది. వెనక సీట్లో ఓ పెద్దాయన 'అసలు సంగతేంటంటే...' అని మొదలుపెడతాడు. కొత్తగూడెం వస్తుంది, పాల్వంచ వస్తుంది, ఆ అసలు సంగతి మాత్రం రాదు. పక్కావిడ ఫోన్లోంచి 'హాయ్ ఫ్రెండ్స్... వీడియో చివరిదాకా చూడండి' అని ఒకటే పోరు. మొదటిసారి వింటే నవ్వొస్తుంది. పదోసారికి చిరాకేస్తుంది. యాభయ్యోసారికి ఎక్కడో ఒకచోట దిగిపోవాలనిపిస్తుంది!

నోటికో ఊతకర్ర

ఇలా పదేపదే దొర్లే మాటల్ని 'ఊతపదాలు' అన్నారు మనవాళ్లు. ఎంత చక్కటి పేరో! నడవలేనివాడికి ఊతకర్ర ఎలాగో, తర్వాతి మాట దొరకనివాడికి ఇది అలాగన్నమాట. 'అంటే', 'మరి', 'అదీ', 'ఏందంటే', 'యాక్చువల్లీ'... వీటికి పెద్దగా అర్థం ఉండదు. 'నేనింకా మాట్లాడుతున్నా, మధ్యలో దూరకు' అని ఎదుటివాడికి చెప్పడమే వీటి పని. అన్ని భాషల్లోనూ ఉన్నాయి. కాబట్టి మన నోటికే ఏదో జబ్బు చేసిందని కంగారుపడక్కర్లేదు.

చిత్రమేంటంటే ఎవరి ఊతపదం వారికి వినపడదు. క్లాసులో మాస్టారు 'అర్థమైందా' అని ఎన్నిసార్లన్నారో ఆయనకు తెలియదు. వెనక బెంచీలో నోటుబుక్కు చివరి పేజీ చూస్తే ఐదేసి గీతల లెక్క పక్కాగా ఉంటుంది. చివరికి ఆ మాటే ఆయన పేరైపోతుంది.

విసిగించే మాటకు తెలుగువాళ్లు పెట్టుకున్న పేరు కూడా ఒకప్పుడు కొత్త యాసే. 1982లో జంధ్యాల తీసిన 'నాలుగు స్తంభాలాట'తో 'సుత్తి' అనే మాట ఇంటింటికీ చేరింది. వీరభద్రరావు, వేలు ఇద్దరికీ అదే ఇంటిపేరై కూర్చుంది. తర్వాత 'సొల్లు' వచ్చింది, 'బిల్డప్' వచ్చింది, 'సీన్ లేదు' వచ్చింది, 'లైట్ తీస్కో' వచ్చింది. ఇప్పుడు 'వేరే లెవెల్' నడుస్తోంది. బిర్యానీ వేరే లెవెల్, పాట వేరే లెవెల్, పెళ్లి వేరే లెవెల్. అన్నీ వేరే లెవెల్ అయితే అసలు లెవెల్ ఏదని పెద్దవాళ్ల గొణుగుడు. వాళ్లు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు 'సుత్తి కొట్టకు' అంటే ఇంట్లో తిట్లు పడేవన్న సంగతి వాళ్లకు గుర్తుండదు.

ఇవి చెవిలో జోరీగల్లాంటివి. విసిగిస్తాయి కానీ గాయం చేయవు. కొన్ని మాటలు అలా కాదు.

'తేమ ఉంది'

ఖమ్మం మిర్చి మార్కెట్లో రోజూ పొద్దున్నే 'జెండా పాట' జరుగుతుంది. మంచి సరుకున్న ఒక రాశి దగ్గర జెండా ఎత్తి వేలం పాడతారు. అందులో పలికిన ధరే ఆ రోజు జెండా పాట. మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. ఆ అంకె చూసి ఊళ్లో చుట్టాలు 'ఈసారి నీ పంట పండిందిరా' అంటారు. బస్తాలేసుకుని మార్కెట్‌కి వచ్చిన రైతుకు మాత్రం వేరే మాటలు ఎదురవుతాయి. 'తేమ ఉంది'. 'తాలు కలిసింది'. 'రంగు తగ్గింది'. ఒక్కో మాటకు క్వింటాకు కొంత తెగుతుంది. సరుకులో నిజంగానే తేమ ఉండొచ్చు. కానీ కాయ చేతిలోకి తీసుకోకముందే అదే పాట మొదలైతే రైతుకు ఎలా ఉంటుంది? ఆ రెండు మాటలూ వింటేనే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

'రేపు రా' కూడా ఇలాంటిదే. ఆఫీసులున్న ప్రతిచోటా ఉంది. ఇప్పుడు దానికి 'సర్వర్ డౌన్', 'సైటు ఓపెన్ కావట్లే' అనే తమ్ముళ్లు పుట్టారు. పట్నంలో ఉన్నవాడికి రేపు రావడం అంటే ఓ ఆటో ఖర్చు. అడవి లోపలి ఊరి నుంచి వచ్చినవాడికి అదో రోజు కూలి, రెండు బస్సులు, మధ్యలో కొంత నడక. అన్నది ఒకే మాట. ఖరీదే వేరు.

'మీది ఆంధ్రానా, తెలంగాణానా?'

ఈ ప్రాంతం వాళ్లని హైదరాబాద్‌లో అయినా, విజయవాడలో అయినా తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఖమ్మం జిల్లా పడమటి ఊళ్లలో 'ఎట్లున్నవ్' అంటారు. తూర్పున మధిర, సత్తుపల్లి వైపు వెళ్తే 'ఎట్టా ఉన్నావు' వినిపిస్తుంది. అందుకే హైదరాబాద్‌లో 'మీ భాష ఆంధ్రాలా ఉందే' అంటారు. విజయవాడ వెళ్తే 'మీరు తెలంగాణోళ్లు కదా' అంటారు. రెండుచోట్లా పరాయితనమే!

భద్రాచలం సంగతి ఇంకా చిత్రం. నిజాం ఏలుబడిలో ఉన్న ఈ ప్రాంతం 1860లో ఇంగ్లిషువాళ్ల చేతికి వెళ్లి మధ్య పరగణాల్లో చేరింది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో తూర్పుగోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయాక పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. పక్కనే ఉన్న ఎటపాక మాత్రం అటు వెళ్లింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. గుడి కదల్లేదు, గోదారి కదల్లేదు. చిరునామాయే ఇన్నిసార్లు మారింది. ఇన్ని సరిహద్దులు చూసిన మనిషిని పట్టుకుని 'మీది ఆంధ్రానా, తెలంగాణానా' అంటే ఒక్కమాటలో ఏమని చెప్తాడు?

అటు వెళ్లిన చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు ఊళ్లకు ఇంకో తలనొప్పి. పేపర్లలో, ఫైళ్లలో వీటి పేరు 'ముంపు మండలాలు', లేదంటే 'విలీన మండలాలు'. బతికున్న ఊరిని రోజూ 'ముంపు' అని పిలిస్తే ఆ ఊళ్లో ఉండేవాళ్లకు ఎలా ఉంటుంది?

దొర అన్నారు... ఎందుకో!

తెలుగు సినిమాల్లో 'కోయదొర' అనగానే ఒక వేషం సిద్ధం. తలకు ఈకలు, మెడలో పూసలు, చేతిలో కర్ర, నోట వంకర తెలుగు. జోస్యం చెబుతాడు, లేదా వేళ్లూ మూలికలూ అమ్ముతాడు. హాల్లో నవ్వులు. ఎవరైనా నమ్మశక్యం కాని మాటంటే 'కోయదొరలా చెప్తున్నావే' అని ఇళ్లలోనూ వాడేస్తారు.

అసలు కోయవారు ఎవరు? గోదావరి ఒడ్డునా, గుట్టల మీదా తరతరాలుగా సేద్యం చేసుకుంటున్నవాళ్లు. ఏటి ఒడ్డువారు గొమ్ము కోయలు, గుట్టల మీది వారు గుట్ట కోయలు. వాళ్ల భాష ద్రావిడ భాషే. గోండికి దగ్గరి చుట్టం. అది తెలుగు సరిగా రాక వంకరపోయిన భాష కాదు. ఆ భాషలో ఎంత ఉందో తెలియాలంటే సకిని రామచంద్రయ్యను గుర్తు చేసుకుంటే చాలు. మణుగూరు ప్రాంతానికి చెందిన ఈ డోలి కళాకారుడు సమ్మక్క సారలమ్మల కథను, కోయల వంశచరిత్రలను డోలు వాయిస్తూ పాడేవారు. చదివి కాదు, జ్ఞాపకం నుంచి! 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. సినిమాలో కోయదొరను చూసి నవ్వినవాళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

'గొత్తికోయలు' అనే పేరుదీ ఇలాంటి కథే. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం, మావోయిస్టుల మధ్య నలిగిపోయి ఎన్నో కుటుంబాలు ఈ అడవుల్లోకి వచ్చాయి. వాళ్లలో మురియాలు ఎక్కువ. గొత్తికోయలన్నది ఇక్కడివాళ్లు పెట్టిన పేరు. ఇల్లు పోయింది, ఊరు పోయింది, చివరికి సొంత పేరు కూడా సరిహద్దు అవతలే ఉండిపోయింది.

పేరు సంగతి పక్కనపెట్టినా పిలుపు ఉండనే ఉంది. అరవయ్యేళ్ల పెద్దాయన కాగితం పట్టుకుని వస్తే పాతికేళ్ల కుర్రాడు 'ఏం కావాలి నీకు? అక్కడ కూర్చో' అంటాడు. వెనకే ప్యాంటూ చొక్కాలో ఎవరైనా వస్తే 'రండి సార్' అంటాడు. 'అండి' అనే రెండక్షరాలు నోట్లో ఉన్నాయి. ఎవరికి వాడాలో ముందే నిర్ణయమైపోయింది.

పోడు చేసుకునేవాడు దాన్ని 'మా చేను' అంటాడు. రికార్డులో 'ఆక్రమణ' అని ఉంటుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిబిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని పీఠికలోనే ఒప్పుకుంది. కాగితం మీద చట్టం మారినంత తొందరగా నోటి మీద మాట మారలేదు.

ఈ విషయంలో పత్రికలూ తక్కువ తినలేదు. 'మారుమూల గిరిజన గ్రామం', 'అభం శుభం తెలియని అమాయక గిరిజనులు'... ఎన్నేళ్లుగా అచ్చవుతున్నాయో! మారుమూల అంటే ఎక్కడికి మూల? చింతూరు సంతకు వచ్చేవాళ్ల లెక్కలో హైదరాబాదే మారుమూల. ఏ చెట్టు బెరడు ఏ నొప్పికి పనికొస్తుందో, ఏ వానకు ఏ గింజ వేయాలో తెలిసినవాళ్లు అమాయకులా?

హెచ్చరిక అరిగిపోతే...

మాట అరిగిపోతే నష్టం చెవులకే కాదు, ఒక్కోసారి ప్రాణాలకు కూడా. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. ఏటా వానాకాలంలో 'లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి' అన్న మాట మైకుల్లో, టీవీల్లో, ఫోన్లలో మోగుతూనే ఉంటుంది. నీళ్లు రాని రోజుల్లో కూడా అదే మాట, అదే గొంతు. కొన్నాళ్లకు అది ఊతపదంలాగే వినపడటం మానేస్తుంది. గోదారి మాత్రం మాట తప్పదు. 1986లో 75.6 అడుగులకు లేచింది. 2022 జులైలో 71.3 అడుగులు. అలాంటి రోజున 'అప్రమత్తం' అన్న మాట కన్నా 'రాత్రి పదింటికల్లా మీ వీధిలోకి నీళ్లొస్తాయి, స్కూలు దగ్గరికి వచ్చేయండి' అన్న మాటకే కాళ్లు కదులుతాయి.

ఎవరు, ఎవరిని?

అలాగని తిట్టుమాటలన్నీ చెడ్డవనుకుంటే పొరపాటు. ఖమ్మం జిల్లా నేలకొండపల్లి బిడ్డ కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో రాముణ్ని ఎలా నిలదీశాడో తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ నగలు ఎవరి సొమ్మనుకున్నావంటూ వీధి తగాదాలో వాడే మాటే అనేశాడు. ఆ వెంటనే దెబ్బల బాధకు తిట్టాను, కోప్పడకు అని బతిమాలుకున్నాడు. ఆ కీర్తనను ఇప్పటికీ కచేరీల్లో పాడతారు. కింద ఉన్నవాడు బాధలో పైవాణ్ని అన్న మాట అది. అందుకే కీర్తనైంది. అదే మాట పైవాడు కిందివాణ్ని అంటే తిట్టే.

ఈ తేడా చట్టానికీ తెలుసు. ఎస్సీ, ఎస్టీలను పదిమందిలో కులం పేరుతో దూషిస్తే నేరమేనని, అత్యాచారాల నిరోధక చట్టానికి 2016 జనవరి నుంచి అమల్లోకొచ్చిన సవరణ స్పష్టంగా చెప్పింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఓ సినిమా వేడుకలో ఓ హీరో గొడవల గురించి మాట్లాడుతూ వందల ఏళ్ల కిందటి గిరిజనుల పోరుతో పోల్చాడు. గిరిజన సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆయన విచారం వ్యక్తం చేశాడు. తర్వాత కేసూ నమోదైంది. నోరు జారడానికి అర నిమిషం పట్టదు.

ప్రతి మాటకూ చట్టం తెరిచి చూడక్కర్లేదు. ఓ చిన్న పరీక్ష చాలు. ఈ మాట ఎవరి గురించి అంటున్నామో వాళ్లు తమ గురించి తాము అలాగే చెప్పుకుంటారా? మన గురించి వాళ్లు ఇలాగే అంటే మనం ఊరుకుంటామా? మార్చుకోవడానికి పెద్ద కష్టమేమీ లేదు. 'మారుమూల గ్రామం' బదులు ఆ ఊరి పేరు. 'రేపు రా' బదులు 'బుధవారం పదకొండింటికి రండి'. 'ఏయ్' బదులు అన్నా, అక్కా, పెద్దయ్యా. వీటిలో ఏదీ తెలుగుకు కొత్త కాదు.

ఇక 'బేసిగ్గా', 'మామా', 'వేరే లెవెల్' అంటారా... వాటి గురించి మరీ బాధపడొద్దు. ఎలా వచ్చాయో అలాగే పోతాయి. అందాకా... లైట్ తీస్కోండి!